ఆధారం లేని విమానం విద్యార్థుల పేజీలో ఎందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

రైట్ సోదరులు తొలిసారి విమానంలో ఎగిరిన డిసెంబరు 17 సందర్భంగా మీ విద్యార్థుల పేజీలో వేసిన వ్యాసం చదివాను. రైట్ సోదరుల కంటే ఎనిమిదేళ్ల ముందే, 1895లో, బొంబాయి చౌపాటీ తీరంలో శివకర్ బాపూజీ తల్పడే ‘మరుత్సఖ’ అనే విమానాన్ని 1500 అడుగుల ఎత్తుకు ఎగరేశాడనీ, బ్రిటిషువాళ్లు ఆ ఘనతను తొక్కిపెట్టారనీ అందులో రాశారు. వాట్సాప్‌లో ఈ కథ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. పత్రికలో అచ్చయితే మాత్రం సంగతి వేరు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆ కటింగును సైన్స్ ఫెయిర్ చార్టు మీద అంటించారు. ఇదెక్కడిదిరా అంటే, “పేపర్లో వచ్చింది కదా సార్” అన్నారు. పేపరు మాట కాబట్టి జవాబు కూడా పేపరే చెబితే బాగుంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తల్పడే కల్పిత పాత్రేమీ కాదు. బొంబాయిలో ఉండేవాడు, సంస్కృతం బాగా చదివినవాడు, విమానాల మీద నిజంగానే మోజు ఉన్నవాడు. విమానం ఎగిరిందన్న దగ్గరే చిక్కు. శాయాజీరావు గైక్వాడ్ మహారాజు చూశారంటారు, జస్టిస్ రానడే చూశారంటారు, కేసరి పత్రికలో వార్త వచ్చిందంటారు. అది ఏ తేదీ కేసరో చెప్పి, ఆ కాగితం ముందు పెట్టినవాళ్లను నేనింతవరకు చూడలేదు. మీ వ్యాసంలోనూ తేదీ లేదు. పాదరసంతో నడిచిందని రాశారు గానీ, పాదరసం విమానాన్ని పైకి ఎలా లేపిందో ఒక్క వాక్యం కూడా లేదు.

దీనికి మూలమని చెప్పే ‘వైమానిక శాస్త్రం’ అనే సంస్కృత గ్రంథం సంగతి చూద్దాం. అది భరద్వాజ మహర్షి చెప్పిందని ప్రచారం. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు పరిశోధకులు ముకుంద, దేశ్‌పాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు దాన్ని శ్రద్ధగా చదివి 1974లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు భాషను పరిశీలించారు, బొమ్మలు చూశారు, లెక్కలు కట్టారు. ఆ గ్రంథం 1904కు ముందుది కాదనీ, సుబ్బరాయ శాస్త్రి అనే పండితుడు చెబుతుంటే రాసుకున్నదనీ తేల్చారు. బొమ్మలు బెంగళూరులో ఒక డ్రాఫ్ట్స్‌మన్ గీసినవి. ఇందులో వర్ణించిన విమానాల్లో ఏదీ ఎగిరేది కాదన్నారు. అదే అధ్యయనంలో ఒక చిన్న మాట ఉంది. సుబ్బరాయ శాస్త్రి సలహాతో తల్పడే నమూనాలు చేసి చూశాడట, ఒక్కదాన్నీ ఎగరేయలేకపోయాడట. బ్రిటిషువాళ్లు తొక్కేయడానికి అసలు అక్కడ ఏముందో నాకర్థం కాలేదు.

2015లో ముంబయి సైన్స్ కాంగ్రెస్ వేదిక మీదే ప్రాచీన విమానాల గురించి ప్రసంగం జరిగింది కాబట్టి, తప్పంతా మీ వ్యాసకర్త మీదికి నెట్టను. కానీ విమానం కథలో పత్రికలకు పాత అనుభవం ఒకటుంది, అది మీకు గుర్తుచేయాలి.

1903 డిసెంబరు 17న అమెరికాలో ఉత్తర కరొలైనా తీరంలో, కిటీ హాక్ దగ్గరున్న ఇసుక నేల మీద ఆర్విల్ రైట్ 12 సెకన్ల పాటు 120 అడుగులు ఎగిరాడు. ఆ రోజు నాలుగో విడతలో అన్న విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు పోయాడు. కాసేపటికి పెద్ద గాలి వచ్చి విమానాన్ని దొర్లించి విరగ్గొట్టింది. తండ్రికి కొట్టిన టెలిగ్రాంలో 59 కాస్తా 57 అయింది. మర్నాడు నార్ఫోక్‌లోని వర్జీనియన్ పైలట్ పత్రిక ఏకంగా మూడు మైళ్లు ఎగిరిందని రాసేసింది. అంటే మొట్టమొదటి వార్తే కట్టుకథ! మరుసటి ఏడాది సెప్టెంబరు 20న సొంతూరు డేటన్ పక్కనున్న ఒక పశువుల బీడులో విల్బర్ తొలిసారి పూర్తి చుట్టు కొట్టి వచ్చాడు. అది కళ్లారా చూసి రాసినవాడు ఏమస్ రూట్, అచ్చు వేసింది ఆయన నడిపే తేనెటీగల పెంపకం పత్రిక. పెద్ద పత్రికలు చూడని సంగతి తేనెటీగల పత్రిక చూసింది.

1905 అక్టోబరు 5న విల్బర్ ఒకే విడతలో 39 నిమిషాలు, 24 మైళ్లు తిరిగాడు. ఆ తర్వాత కూడా, 1906 జనవరిలో, ఇదంతా నమ్మేలా లేదని సైంటిఫిక్ అమెరికన్ పత్రిక రాసింది. అయితే అంతటితో ఊరుకోలేదు. చూశామన్నవాళ్లకు ఉత్తరాలు రాసి, జవాబులు తెప్పించుకుని, అదే ఏడాది రైట్ సోదరులు చెప్పింది నిజమేనని ఒప్పుకుంది. మీరూ ఆ పని చేయాలని నా కోరిక.

రైట్ సోదరులే ముందన్నది కూడా అమెరికా ప్రచారమేగా అని మా స్టాఫ్ రూంలో ఒకరన్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ వాళ్ల ఘనతను తగ్గించడానికి ఎక్కువ కష్టపడింది అమెరికాలో మ్యూజియాలు, పరిశోధనలు నడిపే స్మిత్‌సోనియన్ సంస్థే. దాని అధిపతి లాంగ్లీ యుద్ధశాఖ ఇచ్చిన 50,000 డాలర్లతో యంత్రం తయారుచేయించాడు. అది 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న ఇంకోసారి పోటోమాక్ నదిలో కూలింది. 1914లో విమానాలు తయారుచేసే కర్టిస్ దానికి చాలా మార్పులు చేసి నీటి మీద నుంచి కాస్త లేపితే, మనిషిని మోసుకుని ఎగరగల మొదటి విమానం ఇదేనని స్మిత్‌సోనియన్ ప్రదర్శనకు పెట్టింది. ఒళ్లు మండిన ఆర్విల్ 1928లో తమ విమానాన్ని లండన్ సైన్స్ మ్యూజియానికి పంపేశాడు. 1942లో ఆ మార్పుల జాబితాను స్మిత్‌సోనియన్ స్వయంగా అచ్చువేసి తప్పు ఒప్పుకుంది. విమానం 1948 డిసెంబరులో వాషింగ్టన్ చేరేసరికి ఆర్విల్ లేడు, ఆ జనవరిలోనే పోయాడు.

అంత పెద్ద సంస్థ ఎదురునిలిచినా వాళ్ల మాట చెల్లిందంటే కారణం కాగితాలు. డైరీలు, ఉత్తరాలు, చూసిన ఐదుగురు మనుషులు, తీరరక్షక కేంద్రంలో పనిచేసే జాన్ డేనియల్స్ తీసిన ఫొటో ఉన్నాయి. అన్నిటికంటే 1901 నాటి పని నాకు గొప్పగా తోస్తుంది. ఆ వేసవిలో వాళ్ల గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) లెక్క ప్రకారం లేవలేదు. మనం బతికుండగా మనిషి ఎగరడని విల్బర్ నిరాశపడ్డాడు. అప్పటిదాకా అందరూ వాడుతున్న గాలి ఒత్తిడి లెక్కే తప్పేమోనన్న అనుమానం వచ్చి, తమ సైకిల్ షాపులో ఆరడుగుల చెక్కపెట్టె చేసి, ఒక చివర ఫ్యాను పెట్టి, హాక్సా బ్లేడు ముక్కలు, సైకిల్ పుల్లలతో రెక్కల మీద గాలి బలాన్ని కొలిచే తూకం తయారుచేసుకున్నారు. ఆ చలికాలంలో సుమారు రెండు వందల రెక్కల ఆకారాలు పరీక్షించారు. 1902 గ్లైడర్ ఆ లెక్కల మీద పుట్టింది. ప్రొపెల్లర్ అంటే తిరిగే రెక్క అని పట్టుకున్నదీ ఆ లెక్కలతోనే. 12 గుర్రాల శక్తి గల ఇంజిన్‌ను షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేసిపెట్టాడు.

పేచీలు వేరేవీ ఉన్నాయి. 1906లో పారిస్‌లో జనం ముందు ఎగిరిన సాంటోస్ డ్యూమాంటే మొదటివాడని బ్రెజిల్ వాళ్లంటారు. రైట్ సోదరులు నేల మీద పరిచిన పట్టాల మీద నుంచి లేచారు, సాంటోస్ డ్యూమాంట్ చక్రాల మీద లేచాడు, దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది అక్కడి వాదన. ఆ ఇద్దరి విషయంలోనూ ఎగిరిందన్న రుజువుంది కాబట్టి వాదనకు అర్థముంది. పిల్లలకు ఆ తగాదా చెప్పండి, వాళ్లే తేల్చుకుంటారు. తల్పడే విషయంలో తేల్చుకోవడానికి చేతిలో ఏమీ లేదు.

మన గడ్డ మీద జరిగిన కథే కావాలంటే అలహాబాద్ ఉంది. 1911 ఫిబ్రవరి 18న ఫ్రెంచి పైలట్ ఆన్రీ పెకే యమున దాటి నైనీకి దాదాపు 6500 ఉత్తరాలు విమానంలో తీసుకెళ్లాడు. విమానంలో అధికారికంగా టపా వెళ్లడం ప్రపంచంలో అదే తొలిసారి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా నడిపారు. రెంటికీ తేదీలున్నాయి, ఆధారాలున్నాయి.

తల్పడే వ్యాసానికి అదే విద్యార్థుల పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయమని కోరుతున్నాను. వ్యాసకర్త దగ్గర 1895 నాటి కేసరి సంచిక ఉంటే ఆ పేజీ ఫొటో అచ్చువేయండి, మా పిల్లల చార్టు మీద దాన్నే అంటిస్తాం. లేకపోతే ఆ జాగాలో రైట్ సోదరుల చెక్కపెట్టె బొమ్మ, కొలతలు వేయండి. టేబుల్ ఫ్యాను, అట్టపెట్టె, స్ప్రింగ్ త్రాసు మా ల్యాబులో ఉన్నాయి. సైన్స్ ఫెయిర్ ఫిబ్రవరికి వాయిదా పడింది కాబట్టి టైము కూడా ఉంది.

ఇట్లు,
ఒక హైస్కూలు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తెనాలి