మత్తు సంగతి ముందే తేల్చుకో

ఒరేయ్ శీనూ,

టెస్ట్ ట్యూబ్ బేబీ కోసం నీ వృషణం దగ్గర్నుంచి వీర్యకణాలు తీస్తామన్నారు కదా, దానికిచ్చే మత్తు ఏదైతేనేంలే అని వదిలెయ్యకురా. ముందు నీకు చేసేది ఏ పద్ధతో డాక్టర్‌గారిని గట్టిగా అడుగు. వీర్యకణాలు తయారవుతూ దారిలో అడ్డు మాత్రమే ఉంటే పీసాతోనో (వృషణం వెనకుండే గొట్టంలోంచి తీయడం) టీసాతోనో (వృషణంలోంచే తీయడం) సరిపోతుంది. సూదితో లాగడమే, అరగంట లోపు పని. తయారీలోనే లోపం ఉంటే మైక్రో టీసీ అనే ఆపరేషన్. వృషణం తెరిచి మైక్రోస్కోపు కింద నాళికలు వెతుకుతారు, గంటలు పడుతుంది.

సూది పద్ధతికి లోకల్, అంటే ఆ చోటు మాత్రమే మొద్దుబరిచే మత్తు చాలు. కానీ చర్మానికి ఒక్క ఇంజెక్షన్ ఇచ్చి మొదలుపెడతామంటే ఒప్పుకోకు. పైచర్మం నరాలు వేరు, లోపలి వృషణం నరాలు వేరు. వృషణం నరాలు కడుపులోంచి, బొడ్డు ఎత్తున ఉండే పదో ఛాతీ నరం దగ్గర్నుంచి దిగుతాయి. అందుకే చర్మం మొద్దుబారినా లోపల లాగగానే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, చెమటలు, కొందరికి నాడి కూడా పడిపోతుంది. కార్డ్ బ్లాక్ కూడా ఇస్తారా అని అడుగు. గజ్జ దగ్గర వృషణానికి దిగే నరాలు, రక్తనాళాల కట్టను వేళ్ల మధ్య పట్టుకుని, చుట్టూ ఒక్కో వైపు 5 నుంచి 10 మి.లీ. మత్తుమందు ఎక్కిస్తారు. అందులో రక్తనాళాలు ఉంటాయి కాబట్టి, సిరంజి వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూశాకే మందు వదలాలి. ఆ తర్వాత మందు పట్టేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. ఆగకుండా కోసేస్తే నొప్పి తెలుస్తుంది.

నీది 60 కిలోలు అనుకుందాం. లోకల్‌కి వాడే మందు లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలపనిదైతే కిలోకి 4.5 మి.గ్రా. దాటకూడదు, అంటే 270. 2 శాతం మందైతే 13 మి.లీ.కే హద్దు, 1 శాతమైతే 27. రెండు వైపులా, చర్మానికీ కలిపే ఈ లెక్క. చెవుల్లో గింగురుమన్నా, పెదాలు తిమ్మిరెక్కినా మందు ఎక్కువైన గుర్తే, వెంటనే చెప్పెయ్, మొహమాటపడకు.

మైక్రో టీసీకి నా ఓటు పూర్తి మత్తుకే. 20 రెట్లు పెద్దదిగా చూస్తూ వెతికేటప్పుడు నువ్వు దగ్గినా సర్జన్‌కి చోటు తప్పుతుంది. వెన్నులో ఇంజెక్షన్ కూడా పనికొస్తుంది గానీ బొడ్డు దాకా మొద్దుబారాలి. కూర్చునే భాగానికే పనిచేసే శాడిల్ బ్లాక్ చాలదు. ఆపరేషన్ సాగితే మధ్యలోనే మత్తు వదలొచ్చు. తర్వాత కొందరికి మూత్రం ఆగుతుంది, లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పు, వెన్ను ఇంజెక్షన్‌కి అది పెద్ద చిక్కు.

తిండి 6 గంటల ముందే ఆపు, బిర్యానీ లాంటిదైతే 8. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు.

చెల్లెమ్మకి అండాలు తీసేదీ అదే రోజైతే ఇద్దరూ మత్తులోనే ఉంటారు. 24 గంటలు బండి ముట్టుకోకూడదు. మీ బావమరిదిని ఇప్పుడే సెలవు పెట్టమను.

నీ
రవి