ఇంజిన్ కేసులను కాస్టిక్‌లో ముంచొద్దు

సంపాదకులకు,

బైకు ట్యాంకుల పాత రంగు ఊడదీసే కాస్టిక్ సోడా తొట్టిలోనే ఇంజిన్ కేసులనూ (ఇంజిన్ బయటి లోహపు పెంకులనూ) ముంచేసే షెడ్లు నగరంలో ఉన్నాయి. ట్యాంకు ఇనుము కాబట్టి తట్టుకుంటుంది. కేసు అల్యూమినియం, దాన్ని కాస్టిక్ తినేస్తుంది. బుసబుసా నురగ వస్తే రంగు ఊడుతోందని సంబరపడతారు గానీ కరుగుతున్నది లోహమే. పైకి లేచే హైడ్రోజన్ పక్కన వెల్డింగ్ నిప్పురవ్వ పడినా అంటుకుంటుంది. బేరింగ్ కూర్చునే గూడు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు అరిగినా బేరింగ్ వదులవుతుంది. ఆ లోటును ఏ రంగూ పూడ్చదు.

కేసు మీది పాత రంగు తీయడానికి జెల్ రకం పెయింట్ రిమూవర్ చాలు. ముందు ఆయిల్ సీళ్లు, న్యూట్రల్ స్విచ్, ఆయిల్ మట్టం చూసే అద్దం తీసేయాలి. రబ్బరు, ప్లాస్టిక్ రిమూవర్‌కు నిలవవు. జిడ్డును కిరోసిన్‌తో, తర్వాత వేడి సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. జెల్‌ను మందంగా, బ్రష్‌ను ఒకే వైపు లాగుతూ పూయాలి. అటూ ఇటూ రుద్దితే పైన కట్టే మైనపు పొర చిట్లి మందు ఆవిరైపోతుంది. పాలిథిన్ కప్పి 15–20 నిమిషాలు వదిలితే రంగు బుడగలు కట్టి లేస్తుంది. వెదురు పుల్లతోనో ప్లాస్టిక్ బద్దతోనో గీకాలి. కంపెనీ రంగు మొండిది, రెండు మూడు విడతలు పడుతుంది. గ్రైండర్‌కు తీగ బ్రష్ బిగించి గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పొర) ఆనే ముఖం మీద ఆడిస్తే ఆయిల్ లీకేజీని కొని తెచ్చుకున్నట్టే. చివర్లో నీళ్లతో కడిగి థిన్నర్ గుడ్డతో తుడవకపోతే మిగిలిన మైనం మీద కొత్త రంగు పట్టదు.

డైక్లోరోమీథేన్ అనే ద్రావకం ఉన్న రిమూవర్ ఆవిరి గాలికన్నా బరువు, మూసిన గదిలో నేల మీద పేరుకుంటుంది. ఒంట్లోకి వెళ్తే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటే లాభం లేదు, ఆరుబయటే చేయాలి. పల్చటి సర్జికల్ గ్లౌజులు నిమిషాల్లో లొంగిపోతాయి.

శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి రంగు తీయడం) చేయిస్తే బోల్టు రంధ్రాలు, ఆయిల్ దారులు ముందే మూయించండి. లోపల మిగిలిన నాలుగు ఇసుక రేణువులు చాలు, క్రాంక్ బేరింగ్ పోవడానికి.

శుభ్రం చేసిన రోజే ఎచ్ ప్రైమర్ (లోహానికి రంగు పట్టేలా చేసే తొలి పూత) పల్చగా, దానిపై వేడి తట్టుకునే ఇంజిన్ రంగు రెండు పల్చటి కోట్లు వేయాలి. ఇంజిన్‌ను చల్లబరిచే రెక్కల్లాంటి ఫిన్ల మీద మందంగా వేస్తే వేడి బయటికి పోదు. ఎర్త్ వైరు బిగించే చోట రంగు పడకుండా మాస్కింగ్ టేపు అంటించడం మరవొద్దు.

ఇక గీకిన మడ్డి. చాలాచోట్ల అది మోరీలోకే, అక్కడి నుంచి మూసీలోకే. దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉన్నా, నెలకు అర డబ్బా మడ్డి తేలే షెడ్డువాడు అంత దూరం మోసుకెళ్లడు. రాణీగంజ్, పుత్లీబౌలీ లాంటి చోట్ల కాలుష్య నియంత్రణ మండలి నెలకోసారి బండి పంపి దాన్ని సేకరించాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్