బీపీ, షుగర్ చూసి పంపిస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ పత్రిక సిటీ పేజీలో అగ్నిమాపక సిబ్బందికి ఉచిత వైద్య శిబిరం అని వార్త, ఫొటో వేశారు. బీపీ, షుగర్, కళ్లు చూశారట. మంచిదే, కాదనను. కానీ మంటల్లోకి దిగే మనిషికి చూడాల్సినవి వదిలేసి, వీధిలో ఎవరికైనా చేసే పరీక్షలే చేసి, దానికి 'సంపూర్ణ ఆరోగ్య పరీక్షలు' అని పేరు పెడితే ఊరుకోలేక రాస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లోనే మంటలార్పే ఉద్యోగాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్నదీ ఆ గ్రూపులోనే. ఈ పనితో సంబంధం గట్టిగా రుజువైనవి రెండు: మూత్రాశయ క్యాన్సర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథెలియోమా. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో 30 ఏళ్లు దాటినవాళ్లకు చూసేదేమో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. హెల్త్ కార్డు ఉంది కదా అంటారు. జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరాక వాడుకునే కార్డు వేరు, జబ్బును ముందే పట్టే పరీక్ష వేరు.

మన హైదరాబాద్‌లో ఏం కాలుతోందో అందరికీ తెలుసు. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాం. 2023 జనవరిలో డెక్కన్ మాల్, మార్చిలో స్వప్నలోక్, నవంబరులో బజార్‌ఘాట్ అపార్ట్‌మెంట్ కింద దాచిన కెమికల్ డ్రమ్ములు. ప్లాస్టిక్, ఫోమ్, వైర్లు కాలితే బెంజీన్ లాంటి విషాలు పుడతాయి. పాత షెడ్ల మీది సిమెంటు రేకులు వేడికి పటపటమని పేలి వాటిలోని ఆస్బెస్టాస్ సన్నటి పీచు గాల్లో కలుస్తుంది. మంట ఆరిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాకే అసలు ముప్పు మొదలవుతుంది. వీపున కట్టుకునే బీఏ సెట్ (ఊపిరి పీల్చే పరికరం) గాలి సిలిండర్ గట్టిగా పనిచేస్తే అరగంట వస్తుంది. గాలి అయిపోవస్తోందని విజిల్ మోగగానే బయటికొచ్చి మాస్కు తీసేస్తారు. ఆ తర్వాత గంటలకొద్దీ బూడిద తిరగేస్తూ నీళ్లు కొట్టేటప్పుడు పీల్చేది ఆ గాలే. మెడ వెనక, చెవుల కింద, మణికట్ల దగ్గర అంటిన మసి చెమటతో చర్మంలోకి దిగుతుంది. మసి పట్టిన కోటు అలాగే ఫైరింజన్ క్యాబిన్లో పడేసుకుని వస్తే తర్వాతి కాల్‌కు వెళ్లేవాళ్లందరికీ అదే మసి.

చేయాల్సిన పరీక్షలు కొండెక్కి కూర్చున్నవేం కావు. మూత్రాశయ క్యాన్సర్‌ను పట్టడానికి ఏటా మూత్రాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, కంటికి కనబడని రక్తం ఉందేమో చూడాలి. బయట ల్యాబులో వందా రెండొందలు. అయితే శిబిరాల్లో పట్టించుకోని మెలిక ఒకటుంది. పెద్ద ఫైర్ కాల్ చూసొచ్చిన మర్నాడే శాంపిల్ ఇస్తే, ఒళ్లు హూనమైన శ్రమకే రక్తకణాలు కనబడొచ్చు. మూడు రోజులు ఆగి ఇవ్వాలి. రాళ్లున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా కనబడతాయి కాబట్టి ఒక్క రిపోర్టుతో మనిషిని హడలగొట్టకుండా రెండోసారి చూసి, మళ్లీ వస్తే స్కానింగ్, యూరాలజిస్టు చేత సిస్టోస్కోపీ (గొట్టంతో మూత్రాశయం లోపల చూడడం) చేయించాలి. 45 దాటితే పెద్దపేగు క్యాన్సర్ కోసం మలంలో రక్తం పరీక్ష, 50 దాటితే డాక్టరుతో మాట్లాడి ప్రొస్టేట్ గ్రంథి కోసం పీఎస్ఏ రక్తపరీక్ష. ఊపిరితిత్తులకు తీసే లో డోస్ సీటీ స్కాన్ అందరికీ అక్కర్లేదు, ఏళ్ల తరబడి సిగరెట్ తాగినవాళ్లకు చాలు. మెసోథెలియోమాను ముందే పట్టే నమ్మకమైన పరీక్ష లేదు. అక్కడ అదనపు సిలిండర్లు, మనిషికి రెండో జత కోటు, స్టేషన్లోనే ఉతికే మెషీనే దిక్కు.

డబ్బు లేదనడానికి వీల్లేదు. అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల పథకం తెచ్చింది. భవనాలకిచ్చే ఫైర్ ఎన్‌ఓసీల (అనుమతి పత్రాల) మీద రాష్ట్రానికి ఫీజులొస్తున్నాయి. అందులోంచి మనిషికి ఏటా రెండు మూడు వేలు తీయలేరా? ప్రమాదం జరిగిన రోజు నాయకులు వరసకట్టి వస్తారు, కమిటీ అంటారు, నెల తిరిగేసరికి అదే సెల్లార్లో అవే డ్రమ్ములు. ఏప్రిల్ 14న అగ్నిమాపక దినోత్సవమని పూలదండలు వేస్తారు. పూలదండలు ఎవరడిగారండీ? బజార్‌ఘాట్‌కు కూతవేటు దూరంలో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, వారంలో ఒక పూట వీళ్లకు కేటాయించమనండి.

రిటైరైన వాళ్లను కూడా కలపాలి. ఆస్బెస్టాస్ దెబ్బ 20, 30, 40 ఏళ్లకు బయటపడుతుంది, అప్పటికి యూనిఫాం ఉండదు. ఏ కాల్‌లో ఏం కాలింది, ఎవరు ఎంతసేపు పొగలో ఉన్నారు అనేది ఎక్కడా రాసి ఉండకపోతే, ఆ రోజు పరిహారం అడగడానికి ఆ కుటుంబం చేతిలో కాగితం ముక్క ఉండదు. స్టేషన్ రిజిస్టర్లో ఆ రెండు గళ్లు గీయడానికి ఏ జీవో కోసమూ ఆగనక్కర్లేదు, రేపటి నుంచే గీయొచ్చు.

- ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్