చక్రం నట్ల బిగింపును కొలవాలి, రాసిపెట్టాలి

సంపాదకుల వారికి,

నడుస్తున్న బస్సు నుంచో లారీ నుంచో చక్రం ఊడిపోయిందన్న వార్త వచ్చినప్పుడల్లా డ్రైవరు వేగం గురించి, రోడ్డు మీది గుంతల గురించి, వాహనం వయసు గురించి చర్చ జరుగుతుంది గానీ, ఆ చక్రాన్ని చివరిసారి ఎవరు బిగించారు, దేనితో బిగించారు, ఎంత బిగించారు అని అడిగేవారు అరుదు. వాహనాల మరమ్మతు పనిలో చాలాకాలం గడిపినవాడిగా ఆ విషయం మీద కొంత వివరంగా రాయదలచాను.

టైరు మార్చే చోట సాధారణంగా జరిగేది ఇది. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే ఎయిర్ గన్ ఉంటే దానితో నట్లన్నీ ఆగిపోయేదాకా తిప్పేస్తారు. లేకపోతే వీల్ పానాకు పొడవాటి పైపు తొడిగి, దాని మీద కాలు పెట్టి ఒంటి బరువంతా మోపుతారు. పైపు పొడవును బట్టి, తొక్కిన మనిషి బరువును బట్టి బిగింపు మారిపోతుంది. ఒకే చక్రంలోని రెండు నట్లకు కూడా అది ఒకేలా ఉండదు.

బోల్టును బిగించడమంటే నిజానికి దాన్ని రవ్వంత సాగదీయడమే. సాగిన ఉక్కు స్ప్రింగులా వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ లాగుడే చక్రాన్ని హబ్‌కు (ఇరుసు చివర చక్రం అమరే భాగానికి) అదిమి పట్టి ఉంచుతుంది. బిగింపు తక్కువైతే చక్రం హబ్ మీద సన్నగా జరుగుతూ నట్టును ఇంకా వదులు చేస్తుంది, స్టడ్ (హబ్ నుంచి పొడుచుకొచ్చి నట్టు ఎక్కే బోల్టు) మీద పదేపదే వంపు పడి చివరికి అది విరుగుతుంది. బిగింపు మరీ ఎక్కువైతే స్టడ్ ఇక ముడుచుకోలేనంతగా సాగిపోయి పట్టు కోల్పోతుంది, లేదా దాని మర (నట్టు ఎక్కే మెలికల గాడి) చెడిపోతుంది. వదులు నట్టును చేత్తో కదిపి పట్టుకోవచ్చు గానీ, అతిగా సాగిన స్టడ్ పైకి ఏమీ తెలియనివ్వదు.

నట్టును తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, అంకెల్లో చూపే టార్క్ రెంచ్ అవసరం ఇక్కడే వస్తుంది. అయితే ఆ పనిముట్టు కొలిచేది నట్టును తిప్పే బలాన్నే తప్ప బోల్టు సాగుడును కాదని గుర్తుంచుకోవాలి. మనం పెట్టే బలంలో సుమారు 50 శాతం నట్టు అడుగు రాపిడికీ, 40 శాతం మర గాడుల రాపిడికీ ఖర్చయిపోగా, బోల్టును సాగదీయడానికి మిగిలేది దాదాపు 10 శాతం మాత్రమే. కనుక పొడిగా ఉన్న మర కోసం తయారీదారు ఇచ్చిన అంకెను నూనె రాసిన మరకు వాడితే రాపిడి తగ్గి స్టడ్ అతిగా సాగుతుంది; తుప్పు పట్టిన మర మీద వాడితే రెంచ్ సరైన అంకె చూపినా పట్టు చాలదు. వైర్ బ్రష్‌తో మరనూ, చక్రం హబ్‌కు ఆనుకునే ముఖాన్నీ శుభ్రం చేయకుండా మొదలుపెట్టిన కొలతకు విలువ లేదు.

రెంచ్ ఎంపికలో కూడా పొరపాట్లు జరుగుతున్నాయి. కార్ల చక్రాల నట్లకు ఎక్కువగా 90 నుంచి 140 న్యూటన్ మీటర్ల (టార్క్‌ను కొలిచే ప్రమాణం) దాకా చెబుతారు, భారీ లారీల పెద్ద స్టడ్‌లకు 600 దాటుతుంది. ఒకే రెంచ్ రెండింటికీ పనికిరాదు. క్లిక్ రెంచ్‌ను (పెట్టిన అంకె రాగానే 'టక్' మనే టార్క్ రెంచ్‌ను) దాని గరిష్ఠ సామర్థ్యంలో 20 శాతం కన్నా కింది అంకెలకు నమ్మకూడదు. పిడిని దాని పట్టు దగ్గరే పట్టుకోవాలి, దానికి పైపు తొడగకూడదు, దానితో బిగిసిన నట్లను విప్పకూడదు. పని అయ్యాక అంకెను కనిష్ఠానికి తిప్పి పెట్టాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెంచ్ కొన్నచోట కూడా దాన్ని వాడే తీరు. ముందు ఎయిర్ గన్‌తో నట్టును పూర్తిగా బిగించేసి, ఆ తర్వాత టార్క్ రెంచ్ తగిలిస్తారు. అది వెంటనే 'టక్' మంటుంది, అందరూ తృప్తి పడతారు. నట్టు అప్పటికే చెప్పిన అంకెను ఎంతో దాటిపోయి ఉన్నా ఆ చప్పుడు అలాగే వస్తుంది. గన్‌ను నట్టు ఆనేదాకా మాత్రమే వాడి, మిగతాది రెంచ్‌తో ఎదురెదురు నట్లను మార్చి మార్చి, రెండు మూడు దఫాలుగా బిగించాలి. క్లిక్ రాకముందు నట్టు కొంతైనా తిరగడం కంటికి కనబడాలి. క్లిక్ వచ్చాక మరోసారి గుంజే అలవాటు కూడా మానాలి. కొత్తగా అమర్చిన చక్రం 80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ పెట్టి చూడాలి, ఎందుకంటే ముఖాల మధ్య రంగు, తుప్పు, దుమ్ము అణిగి పట్టు తగ్గుతుంది.

ఒక్క రెంచ్‌తోనే అంతా సరైపోతుందని నేను అనను. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం గాలిలో ఉండగా ముందు అద్దం ఊడిపోయి కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోయారు, సిబ్బంది పట్టుకుని ఉండడంతో ప్రాణాలతో బయటపడ్డారు. ఆ అద్దాన్ని టార్కు పరిమితి ఉన్న స్క్రూడ్రైవర్‌తోనే బిగించారు, కానీ 90 బోల్టులలో 84 ఉండవలసిన దానికన్నా సన్నవి. సరైన నట్టు, సరైన మర, ఆ తర్వాతే సరైన అంకె.

రెంచ్ కూడా కాలక్రమంలో తప్పుతుంది. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం 10 న్యూటన్ మీటర్లు దాటిన క్లిక్ రెంచ్‌కు సాధారణంగా 4 శాతం అటూ ఇటూ తేడా అనుమతిస్తారు. వాడేవారికి సొంత పద్ధతి లేకపోతే 12 నెలలకు లేదా 5,000 సార్లు వాడిన తర్వాత, ఏది ముందైతే అప్పుడు, మళ్లీ సరిచూడాలి. కింద పడేసిన రెంచ్‌నైతే వెంటనే సరిచూడడానికి పంపాలి.

కాబట్టి ప్రయాణికుల బస్సులు, బడి బస్సులు, అంబులెన్సుల చక్రం మార్చిన ప్రతిసారీ, ఎంత టార్కుకు బిగించారు, ఏ రెంచ్‌తో, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర తిరిగి బిగించాలి అన్న నాలుగు వివరాలు ఒక చీటీ మీద రాసి, చేసినవారి సంతకంతో డ్రైవరుకు ఇవ్వడం తప్పనిసరి చేయాలి. వాహనాల తనిఖీలో బ్రేకులతో, లైట్లతో పాటు ఆ చీటీని కూడా అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు