కోరింగ బోట్ల వేళలు ఆటుపోట్లను బట్టి ఉండాలి

ఎడిటర్ గారికి,

కాకినాడ–యానాం రోడ్డు పక్కనున్న కోరింగ అభయారణ్యానికి జనం పెరిగినప్పుడల్లా మరిన్ని బోట్లు, కాటేజీలు కావాలన్న మాట వినిపిస్తుంది. సందర్శకులు రావాలి. మడ అడవిని ఎన్నడూ చూడనివారికి దాన్ని కాపాడుకోవాలని ఎందుకు అనిపిస్తుంది? అయితే 1978లో అభయారణ్యమైన ఈ 235 చదరపు కిలోమీటర్లూ బతికేది రోజుకు రెండుసార్లు వచ్చిపోయే పోటు నీటి మీద. పర్యాటకమూ ఆ నీటి లెక్కకే లోబడాలి.

ముందు బోట్ల సంగతి. ఆటు వేళ కాలువల్లో నీరు తగ్గి బురద బయటపడుతుంది. చలికాలంలో వచ్చే ఉల్లంకి పిట్టల వంటి వలస పక్షులకు మేత దొరికేది ఆ కొన్ని గంటలే. అప్పుడు ఒడ్డు వారగా బోటు వెళితే గుంపంతా లేచిపోతుంది. ఒక పూటలో నాలుగైదుసార్లు అలా లేపితే వాటి నోటికాడి తిండి తీసేసినట్టే. నీరు లోతు లేనప్పుడు ప్రొపెల్లర్ అడుగు బురదను రేపుతుంది, అల వచ్చి వేర్ల పట్టు లేని ఒడ్డు పాదాన్ని కొడుతుంది. కింద మట్టి జారాక పైనున్న చెట్టు కాలువలోకి ఒరుగుతుంది. పోటు నిండుగా ఉన్నప్పుడైతే ఆ అల జోరును వేర్ల గుబురు చాలావరకు అణిచేస్తుంది.

అందుకని పోటుకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత వరకే, అదీ పగటిపూటే, బోట్లు నడపాలి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక ఏడాదంతా ఒకే వేళలు రాసిన బోర్డు ఇక్కడ పనికిరాదు. పోటు పట్టికను నెల ముందే టికెట్ కౌంటర్ దగ్గర అంటించవచ్చు. ఇరుకు కాలువల్లో వేగం గంటకు 8 కిలోమీటర్లు మించనివ్వకూడదు. స్పీడు మీటరు లేకున్నా సరంగు పసిగట్టగలడు: వెనకటి అల ఒడ్డుకు తగిలి తెల్లగా విరిగితే వేగం ఎక్కువైనట్టే. బోటు అడుగున చేరే నూనె నీళ్లను కాలువలోకి తోడిపోయనివ్వకుండా జెట్టీ దగ్గర డ్రమ్ములు పెట్టాలి. ఆ నూనె పూత పట్టిందంటే గాలి పీల్చుకోవడానికి బురద పైకి పొడుచుకొచ్చే మడ చెట్ల ఊపిరి వేర్ల మీది సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. ప్లాస్టిక్ కవర్లు కప్పుకున్నా జరిగేది అదే. గేటు దగ్గరే చిరుతిళ్ల ప్యాకెట్లు ఆపి, నీళ్ల సీసాకు స్టిక్కరు వేసి డిపాజిట్ కట్టించుకుంటే సరిపోతుంది.

నిర్మాణాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చెక్క వంతెనను స్తంభాల మీద, అత్యధిక పోటు మట్టానికి పైన, పలకల మధ్య సందు వదిలి కడితే కిందికి నీరూ వెలుతురూ అందుతాయి. ఖర్చు తగ్గుతుందని మట్టి కట్ట పోసి బాట వేస్తే ఆ కట్ట అవతలికి పోటు చేరదు, చేరిన నీరు వెనక్కి రాదు. నిలిచిన ఉప్పునీరు ఎండకు ఇగిరి, నేలలో ఉప్పు ఏటికేడు పేరుకుని మడ మొక్కలు మాడిపోతాయి. గోదావరి డెల్టాలో ఇలా పాడైన నేలలను బాగుచేయడానికి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు ఆడేలా చేసి, గట్ల వాలు మీద మొక్కలు నాటారు. ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. పోటుతో వచ్చే ఒండ్రు ఆ కాలువలను పూడ్చేస్తుంది. పూడిక తీయకపోతే నేల మళ్లీ మొదటికొస్తుంది. మొక్కలు నాటిన రోజు ఫొటోలకు ఉన్న శ్రద్ధ పూడికతీతకు ఉండడం లేదు. టికెట్ ఆదాయంలో స్థిరమైన వాటాను ఈ పనికే కేటాయించి, కూలి చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాలకే దక్కేలా చూడాలి.

అభయారణ్యంలో భాగమై కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవిలో రాత్రి బస ఆలోచనే వద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లలు వెలుగు వైపే నడుస్తాయి. ఒడ్డున దీపాలుంటే సముద్రాన్ని వదిలి అటు పోయి చస్తాయి. కాబట్టి మే నెలాఖరు వరకు చీకటి పడ్డాక దీవిలో దీపమూ మనిషీ ఉండకూడదు. అడవి లోపల వ్యాపారానికి లాడ్జీ కట్టాలంటే, అది ప్రభుత్వానిదైనా సరే, జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు అనుమతి ఉండాలని చట్టమే చెబుతోంది. బస ఏర్పాట్లు కాకినాడలోనో, తాళ్లరేవు వైపు ఊళ్లలోని ఇళ్లలోనో చేస్తే ఆ డబ్బు ఊరివారికే చేరుతుంది.

కొత్త బోట్లకు అనుమతులిచ్చే ముందు ఏ కాలువలో, ఏ పోటుకు, ఎన్ని బోట్లు అన్నది అటవీ శాఖ రాతపూర్వకంగా తేల్చి, ఆ కాగితాన్ని జెట్టీ దగ్గర తెలుగులో ప్రదర్శించాలని కోరుతున్నాం.

– మడ అడవుల పరిశీలకులు, కాకినాడ