పాత నంబరు

చి. చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు. ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. కాగితమైతే పక్కన పడేసినా కంటికి కనిపిస్తూ ఉంటుంది కదా అని కూర్చున్నాను. అంతకుమించి విశేషమేమీ లేదు.

ఆదివారం వనజ పిన్ని వాళ్ల గృహప్రవేశానికి విజయవాడ వెళ్లొచ్చాం. పూర్ణాలు బాగా కుదిరాయి, పులిహోరలో ఇంగువ ఎక్కువైంది. వాళ్లవాడు నా పక్కన విస్తరి వేసుకుని, "చిన్నా ఉద్యోగం మానేసి క్రిప్టోలో పడ్డాట్టగా పెద్దమ్మా" అన్నాడు. పడటానికి అదేమైనా నుయ్యా? నవ్వి ఊరుకున్నాను. నేనేం అడగడం లేదు. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్తావు.

సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని చెప్పిన సంగతి మాత్రం నాకు మనసులోనే ఉంది. పెడన కలంకారీ చీర కొన్నవాళ్లకి, ఇది చెక్క అచ్చుతో అద్దిందే అని ఒక డిజిటల్ పత్రం ఇస్తారు, అది వాళ్ల వాలెట్‌లో, అంటే ఫోనులో ఉండే డిజిటల్ సంచిలాంటి దాంట్లో ఉంటుంది, అద్దిన మేస్త్రికీ ఒక వాలెట్ ఉంటుంది అన్నావు. ఆలోచన మంచిదే. స్క్రీన్ ప్రింటు గుడ్డని కలంకారీ అని అంటగట్టేవాళ్లని నేనూ చూశాను. అప్పుడు సగమే అర్థమైంది. మొన్న వనజ కొడుకుని కూర్చోబెట్టి మిగతా సగం అడిగాను. వాడికి నోటి దురుసు ఉన్నా విషయం తెలుసు.

వాలెట్‌తో లాగిన్ అయితే పాస్‌వర్డే అక్కర్లేదట కదా. మీ సైటు ఒక సందేశం పంపుతుంది. అందులో సైటు పేరు, సమయం, ఒక్కసారికే పనికొచ్చే ఒక సంఖ్య ఉంటాయి. వాలెట్ తన రహస్య కీతో దాని మీద సంతకం చేస్తుంది. ఆ సంతకం ఆ అడ్రసుదేనా అని మీ సర్వరు చూసుకుంటుంది. కీ మాత్రం వాళ్ల ఫోను దాటి రాదు. ఈథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ వాళ్లు దీనికి ఈఐపీ-4361 అని నంబరు కూడా ఇచ్చారట. వింటుంటే నాకు మా బ్యాంకు కౌంటర్లో ఇత్తడి టోకెన్లు గుర్తొచ్చాయి. చెక్కు తీసుకుని టోకెను ఇస్తాం, డబ్బిచ్చి టోకెను వెనక్కి తీసుకుంటాం. సాయంత్రం ఒక్క టోకెను తగ్గినా ఇంటికి కదలడానికి లేదు. మీరు ఆ సంఖ్యని వాడిన వెంటనే రద్దు చేస్తున్నారా? మీరిచ్చిన సంఖ్యే తిరిగొచ్చిందా అని సర్వరు దగ్గర సరిచూస్తున్నారా? లేకపోతే ఎవడో పాత సంతకం పట్టుకొచ్చి ఆ మనిషి పేరుతో లోపలికి వచ్చేస్తాడు. ఇది నీకు తెలియదని కాదు. తెలిసినవాళ్లే మర్చిపోతారు.

సంతకం పెట్టేవాడికి దేని మీద పెడుతున్నాడో చదివి అర్థమయ్యేలా చూపించండి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు, ఆమోదించినవాళ్ల తెర మీద మామూలు బదిలీలాగే కనబడిందట, కింద జరిగింది వేరు. అంతకుముందు 2024 జులైలో మన దేశపు ఎక్స్ఛేంజి వజీర్‌ఎక్స్‌లో సుమారు 23 కోట్ల డాలర్లు. అక్కడా ఒక్కరి సంతకంతో పోలేదు, నలుగురి ఆమోదం ఉండాలి. నలుగురూ చదవకుండా పెడితే అది ఒక్క సంతకం కిందే లెక్క. మా ఆడిట్ ఆఫీసరు ఈ మాటే అనేవాడు.

నాకు నిద్ర పట్టకుండా చేసింది మాత్రం ఇంకో మాట. "మేస్త్రిలకి ఆ పన్నెండు మాటలు ఎక్కడ గుర్తుంటాయి, కీలన్నీ మన సర్వర్లోనే పెట్టేద్దాం" అని మీ భాగస్వామి అన్నాడని చెప్పావు. ఫోను పోతే వాలెట్‌ని మళ్లీ తెరవడానికి రాసి దాచుకోవాల్సిన మాటలట అవి. చెప్పి, టీ తాగి లేచిపోయావు.

గుడివాడ బ్రాంచిలో క్యాష్ సేఫుకి రెండు తాళాలు. ఒకటి హెడ్ క్యాషియరుగా నా దగ్గర, రెండోది ఆఫీసరు దగ్గర. రెండూ తిరిగితేనే తలుపు తెరుచుకునేది. నా తాళంచెవి పగలంతా గుడ్డసంచిలో బొడ్డున ఉండేది, రాత్రి తలగడ కింద. నీకు నాలుగేళ్లప్పుడు, వానాకాలం, ఒక రాత్రంతా నీకు జ్వరం. నాన్నగారు ట్రెయినింగుకని విశాఖపట్నం వెళ్లారు. అమ్మమ్మ తడిగుడ్డలు మారుస్తూనే ఉంది. తెల్లారేసరికి నువ్వు నా కొంగు పట్టుకుని వదలవు. అది ఒకటో తారీఖు, పెన్షన్ల రోజు. నేను వెళ్లకపోతే గుడివాడలో సేఫు తెరుచుకోదు. తాళం ఎవరి చేతికో ఇచ్చి పంపడానికీ లేదు. నగదంతా లెక్క చూపించి, రిజిస్టరులో సంతకాలు పెట్టి అప్పగించాలి. నీ గుప్పిట్లోంచి కొంగుని ఒక్కో వేలూ విడదీసుకుని బస్సెక్కాను.

గుడ్లవల్లేరు దగ్గర బస్సు చెడిపోయింది. వానలో నిలబడి ఇంకో బస్సు పట్టుకుని వెళ్లేసరికి పది దాటింది. బ్యాంకు మెట్ల మీద గొడుగులు వేసుకుని ముసలివాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కరూ నన్నేమీ అనలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది. తాళం తిప్పి, డబ్బు బయటపెట్టి, సెలవు కావాలన్నాను. అప్పగింతకి వందల కట్టలు, యాభైల కట్టలు, చిల్లర సంచులు అన్నీ లెక్కపెట్టాలి. పది రూపాయల కట్ట ఒకదాంట్లో తొంభై తొమ్మిదే వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి. రెండోసారి వంద వచ్చాయి, రెండు నోట్లు అంటుకున్నాయంతే. ఇంటికి చేరేసరికి మూడైంది. నీకు జ్వరం దిగి నిద్రపోతున్నావు. నీ గుప్పిట్లో అమ్మమ్మ చీర కొంగు ఉంది. మరుసటి నెల నాకు హెడ్ క్యాషియరు పని వద్దని రాసిచ్చేశాను. ఆ అలవెన్సు ఊరికే వదిలేశానని మీ నాన్నగారు ఇప్పటికీ అంటారు.

ఒక్క సేఫుకి, అందులోనూ సగం తాళానికి నేను పడ్డ పాట్లు ఇవి. నువ్వు వెయ్యి మంది తాళాలు దగ్గర పెట్టుకుంటానంటున్నావు.

లాకరు అలా కాదు. ఖాతాదారు తాళం మా దగ్గర ఉండదు. పోగొట్టుకుంటే వాళ్ల ఎదుటే పగలగొట్టిస్తాం, ఖర్చు వాళ్లదే. వాలెట్‌ని పగలగొట్టిచ్చేవాడు ఎవడూ లేడు, ఆ పన్నెండు మాటలు పోతే అంతే సంగతులు. అవీ 2048 ఇంగ్లీషు మాటల పట్టికలోంచి వచ్చేవట. జపనీసు పట్టిక ఉంది, కొరియన్ ఉంది, తెలుగు లేదు. పెడనలో అచ్చు పట్టే మేస్త్రి ఆ మాటలు రాసుకుని దాచుకోవాలంటే కష్టమే. మీ భాగస్వామి మాటలో ఆ మేరకు నిజముంది, ఒప్పుకుంటాను.

అయితే కీని మూడు ముక్కలు చేసే పద్ధతి ఉందని వనజ కొడుకు చెప్పాడు. ఒక ముక్క ఆయన ఫోనులో, ఒకటి మీ దగ్గర, ఒకటి ఆయన విడిగా దాచుకునేది. ఏ రెండు కలిసినా పని జరుగుతుంది, మీ ఒక్కరి ముక్కతో ఏమీ జరగదు. ఇది మా జాయింట్ కస్టడీయే కదరా. ఆ మూడోది నిజంగా మీకు అందని చోట ఉండాలి. మా దగ్గర డూప్లికేటు తాళాలు వేరే బ్రాంచిలో పెట్టేవాళ్లం. పక్క బీరువాలో పెట్టుకుంటే దాన్ని డూప్లికేటు అనరు.

ఇంకోటి. పాస్‌బుక్కు వేరు, లాకరు వేరు. మనిషి ఫోన్ నంబరుతోనో మెయిలుతోనో లోపలికి వచ్చి చీరలు చూసుకోనివ్వండి. గుమ్మంలోనే వాలెట్ అడిగితే సగం మంది వెనక్కి పోతారు. తర్వాత అవసరమైనప్పుడు వాలెట్‌ని ఖాతాకి కలపండి. వాలెట్ పోయినా ఆ మనిషి ఖాతా, పేరు, కొన్న చరిత్ర ఉండాలి. కొత్త వాలెట్ కలిపేటప్పుడు ఒకటి రెండు రోజులు ఆపి, పాతదానికీ మెయిలుకీ కబురు పంపండి. పాస్‌వర్డులు కూడా పెడితే ఉన్నదున్నట్టు దాచకండి, బీక్రిప్ట్ లాంటిదేదో వాడాలట. మా బ్రాంచికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆఫీసరు పాస్‌వర్డు వాళ్లమ్మాయి పేరు. ప్యూనుకి కూడా తెలుసు.

చట్టం సంగతి చూశారా? 2023 మార్చి 7 నోటిఫికేషన్‌తో, ఇతరుల క్రిప్టోని భద్రపరిచే వ్యాపారం మనీలాండరింగ్ చట్టం కిందికి వచ్చింది. అనుమానపు లావాదేవీలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఐయూ దగ్గర నమోదు, కేవైసీ, రికార్డులు అన్నీ ఉంటాయి. లాభం మీద 30 శాతం పన్ను, బదిలీ మీద 1 శాతం టీడీఎస్ సరేసరి. ఒక మంచి ఆడిటరుకి ముందే ఫీజు కట్టు, తర్వాత కట్టే జరిమానా కన్నా చవక.

లెక్చరు ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చేశాను. ఫ్రిజ్‌లో పాత కూరలు ఉంచకు. మంచినీళ్ల క్యాను కడుక్కుంటున్నావా? తొక్కుడు లడ్డూ, కొత్తావకాయ కొరియర్లో పంపాను. జాడీ మూత వదులైంది, నిలువుగానే పెట్టు.

అసలు సంగతి రాయకుండా ముగించేద్దామనుకున్నాను. పందొమ్మిది రోజుల కిందట హడావిడిగా ఫోన్ చేసి, "అమ్మా, నీ ఫోనుకి ఓటీపీ వచ్చింది, చెప్పు" అన్నావు. కళ్లజోడు వెతుక్కుని ఆరంకెలూ చదివేశాను. ఎవరికీ చెప్పవద్దని ఆ మెసేజీలోనే ఉంది. ముప్పై మూడేళ్లు బ్యాంకులో చేసినదాన్ని, దేనికని కూడా అడగలేదు. పది నిమిషాలకి అమ్మమ్మ పొలం డబ్బుతో నీ పేరున వేసిన ఎఫ్‌డీ ముందుగా మూసేసినట్టు ఇంకో మెసేజీ వచ్చింది. నాలుగు నెలలు ఆగితే గడువు తీరి పూర్తి వడ్డీ వచ్చేది. డబ్బు నీది, వాడుకో. నాన్నగారికి చెప్పలేదు. ఆయన అడిగితే అబద్ధం చెప్పను, అడిగేదాకా చెప్పను.

లోకానికంతా లాగిన్లు కడుతున్నావు గానీ, నువ్వు డిగ్రీలో ఉండగా తెరిచిన ఆ ఖాతాకి ఇప్పటికీ నా నంబరే ఉంది. అది మంచి పద్ధతి కాదు, నీ నంబరు పెట్టుకో. మార్చేటప్పుడు పాత నంబరుకి ఒక ఓటీపీ వస్తుంది. దానికోసమైనా నాకు ఫోన్ చెయ్యాలిగా. ఈసారి దేనికని అడుగుతాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా పడుకుంటాను, అయినా ఫోను పక్కనే ఉంటుంది.

అమ్మ