అయస్కాంతానికి కీపర్ ఎందుకు?

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. గుర్రపునాడా అయస్కాంతం కొనలకు అడ్డంగా ఉంచే ఇనుప ముక్కను, అంటే కీపర్‌ను, తీసేస్తే దానిలోని శక్తి గాలిలోకి పోతుందా అని అడిగావు. గాలిలోకి ఏమీ పోదు. అయస్కాంతానికి శత్రువు చాలావరకు దాని సొంత ధ్రువాలే.

ఉక్కులో డొమైన్లు అనే అతి చిన్న ప్రాంతాలుంటాయి; ఒక్కొక్కటీ ఓ చిట్టి అయస్కాంతం లాంటిది. వాటిలో ఎక్కువ భాగాన్ని ఒకే దిక్కుకు తిప్పి నిలపడమే అయస్కాంతీకరణం. అలా తిరగగానే రెండు కొనల వద్ద ధ్రువాలు ఏర్పడతాయి. ఆ ధ్రువాల వల్ల పుట్టే క్షేత్రం బయటే కాక లోపల కూడా ఉత్తరం నుంచి దక్షిణానికే, అంటే డొమైన్లు నిలిచిన దిక్కుకు సరిగ్గా ఎదురుగా పనిచేస్తుంది. పాఠ్యపుస్తకంలో లోపలి బలరేఖలను దక్షిణం నుంచి ఉత్తరానికి గీస్తారు కదా అని నీకు సందేహం రావచ్చు. అక్కడ చూపేది మొత్తం ఫలితాన్ని. నేను చెబుతున్నది అందులో ధ్రువాల వాటా మాత్రమే.

ఈ ఎదురు క్షేత్రానికి వేడి గానీ, కింద పడినప్పటి కుదుపు గానీ తోడైతే, పట్టు తక్కువగా ఉన్న డొమైన్లు ఒక్కొక్కటే తిరగబడతాయి. పొట్టిగా, లావుగా ఉన్న అయస్కాంతంలో ఈ ఒత్తిడి ఎక్కువ. సన్నని పొడవాటి కడ్డీలో తక్కువ.

మెత్తని ఇనుముతో చేసిన కీపర్‌ను కొనలకు ఆనించినప్పుడు, ఉత్తర ధ్రువం తాకిన చోట ఇనుములో దక్షిణ ధ్రువం, దక్షిణ ధ్రువం తాకిన చోట ఉత్తర ధ్రువం ప్రేరితమై, ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని ప్రభావాన్ని మరొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి కనుక, లోపలి ఎదురు క్షేత్రం బాగా తగ్గిపోతుంది. కడ్డీ అయస్కాంతాలనైతే విజాతి ధ్రువాలు పక్కపక్కన ఉండేలా జతగా పెట్టి, నడుమ చెక్క ముక్క ఉంచి, రెండు చివరలా ఒక్కొక్క కీపర్ అమరుస్తారు.

అన్ని అయస్కాంతాలకూ ఈ సంరక్షణ అక్కరలేదు. డొమైన్లను తిరగదోయడానికి పాతకాలపు కార్బన్ ఉక్కులో సుమారు 50 అయిర్‌స్టెడ్‌ల (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) క్షేత్రం చాలు. 1930లలో వచ్చిన ఆల్నికో అనే మిశ్రమలోహంలో అది 600 దాటవచ్చు. నేటి నియోడిమియం అయస్కాంతాలలో 10,000 పైమాటే. అందుకే నియోడిమియానికి కీపర్ లేకపోయినా నష్టం లేదు, వేడి తగలకుండా చూస్తే చాలు. సాధారణ రకాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవచ్చు.

నీ దగ్గరున్న గుర్రపునాడా ఉక్కుతోనో ఆల్నికోతోనో చేసినదైతే, పని కాగానే కీపర్ పెట్టెయ్యి. ఇప్పటికే తగ్గిన బలాన్ని మాత్రం కీపర్ తిరిగి తేలేదు; దానికి బలమైన క్షేత్రంలో ఉంచి మళ్ళీ అయస్కాంతీకరించాలి.

ఇట్లు,
మీ నాన్న